మీ బండి ఎంతిస్తోంది?

మనవాళ్ళు కారు కొన్న మనిషిని అడిగే మొదటి ప్రశ్న రంగు గురించో సౌకర్యాల గురించో కాదు. "ఎంతిస్తోంది?" అంటారు. పాడి గేదె కొన్నవాణ్ణి అడిగినట్టే. ఈ ప్రశ్నకి నేను మూడేళ్ళపాటు అబద్ధం చెప్పాను. కంపెనీ కాగితంలో లీటరుకి 20.9 అని ఉంది కాబట్టి ఓ మూడు తగ్గించి "పదిహేడు, పద్దెనిమిది వస్తోందండీ" అనేవాణ్ణి. నిజానికి ఎప్పుడూ లెక్క కట్టి చూసింది లేదు. కట్టిన రోజున తేలింది 14.8.

ఆ రోజు నుంచి అందరూ చేసేదే నేనూ చేశాను. మొదట బంకు మీద అనుమానం. బంకు మార్చాను. తర్వాత సర్వీస్ సెంటర్‌తో గొడవ. ఆ తర్వాత ట్యాంకులో కలిపితే మైలేజీ పెరుగుతుందని బంకులో ఒకతను అంటగట్టిన చిన్న సీసా, నాలుగొందలు. అది పోశాక 14.9 వచ్చింది. పాయింట్ ఒకటి పెరిగినందుకు సంబరపడ్డాను కూడా. చివరికి నిందంతా పెట్రోల్లో కలుపుతున్న ఇథనాల్ మీద వేశాను.

ఇథనాల్ విషయంలో నా ఏడుపు పూర్తిగా తప్పు కాదు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోల్‌లో ఉండేదానికన్నా దాదాపు మూడో వంతు తక్కువ. అయిదో వంతు ఇథనాల్ కలిపాక మైలేజీ తగ్గకుండా ఎలా ఉంటుంది? ఇథనాల్ లేని పాత పెట్రోలుకి తయారై, పది శాతం మిశ్రమానికి ట్యూన్ చేసిన కార్లలో 6-7 శాతం తగ్గొచ్చని 2021లో నీతి ఆయోగ్ విడుదల చేసిన నివేదికే చెప్పింది. సరే, ఏడు శాతమే అనుకుందాం. 20.9లో ఏడు శాతం తీసేస్తే 19.4. నాకు వస్తున్నది 14.8. మిగతా నాలుగున్నర ఎవరు తాగుతున్నట్టు?

దీనికి సమాధానం చెప్పింది మా మావయ్య. మా అమ్మకి అన్న. కృష్ణా జిల్లాలో ఆర్టీసీ బస్సు నడిపి రిటైరయ్యాడు. కిందటేడు వేసవిలో హైదరాబాద్ నుంచి నందిగామ దాకా నా పక్క సీట్లో కూర్చుని వచ్చాడు. చౌటుప్పల్ దాటేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఆ తర్వాత అన్నాడు: "అల్లుడూ, నువ్వు పెట్రోలు ఇంజన్లో తక్కువ, బ్రేకు లైనర్లలో ఎక్కువ కాలుస్తున్నావురా."

నాకు కోపం వచ్చింది. డ్రైవింగ్ బాగోలేదంటే మగాడికి వంట బాగోలేదంటే వచ్చినదానికన్నా ఎక్కువ కోపం వస్తుంది, ఎందుకో తెలీదు. కానీ ఆ మాట బుర్రలోంచి పోలేదు. ఇంటికెళ్ళాక కాగితం తీసుకుని లెక్క వేశాను. ఇంటర్లో చదివిన ఫిజిక్స్ చాలు దీనికి. మనుషులతో కలిపి 1,100 కిలోల కారు గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతుంటే దానిలో దాదాపు 270 కిలోజౌళ్ళ గతిశక్తి ఉంటుంది. బ్రేకు తొక్కి ఆపామంటే అదంతా డిస్కుల్లో వేడైపోయి గాల్లో కలిసిపోతుంది. మళ్ళీ 80కి తేవాలంటే మళ్ళీ కొనాలి. లీటరు పెట్రోల్లో 32 మెగాజౌళ్ళు, ఇంజన్ అందులో నాలుగో వంతే చక్రాల దాకా చేరుస్తుందనుకుంటే 8. అంటే 80 నుంచి ఒక్కసారి ఆగి మళ్ళీ 80కి వెళ్ళడానికి సుమారు 34 మిల్లీలీటర్లు. రెండు పెద్ద చెంచాల పైమాట. లీటరు 107 రూపాయల లెక్కన మూడున్నర రూపాయలు.

మూడున్నరేగా అనిపిస్తుంది. ఆ ప్రయాణంలో నేను బ్రేకు ఎన్నిసార్లు గట్టిగా తొక్కానో మావయ్య లెక్కపెట్టలేదు కానీ, తిరుగు ప్రయాణంలో నేనే లెక్కపెట్టాను. నలభై దాటాక వదిలేశాను. నలభై అంటేనే లీటరున్నరకి దగ్గర.

అందుకే నా వాదన ఒక్కటే. పెట్రోలు ఆదా గురించి మనం యాక్సిలరేటర్ వైపు చూస్తూ మాట్లాడుకుంటాం. నెమ్మదిగా తొక్కు, మెల్లగా పో అని. చూడాల్సింది బ్రేకు వైపు. బ్రేకు తొక్కిన ప్రతిసారీ మనం ఒప్పుకుంటున్నది ఏమిటంటే, అరనిమిషం క్రితం తొక్కిన యాక్సిలరేటర్ అనవసరం అని. ముందు లారీ ఇండికేటర్ వేయడం కనిపిస్తూనే ఉంది, సిగ్నల్ ఎర్రగా ఉండడం కనిపిస్తూనే ఉంది, టోల్‌గేట్ బోర్డు కిలోమీటరు ముందే ఉంది. అయినా కాలు తియ్యం. దగ్గరికెళ్ళాక దిగ్గున తొక్కుతాం.

ఆర్టీసీలో ఈ చదువుకి ఒక పేరుంది: కేఎంపీఎల్. లీటరుకి ఎన్ని కిలోమీటర్లు అని. డిపోలో ఎవరి కేఎంపీఎల్ ఎంతో చూస్తారు, బాగా తెచ్చినవాళ్ళకి బహుమతులిస్తారు, తగ్గినవాళ్ళని పిలిచి అడుగుతారు. బస్సుకి అయిదు చిల్లరే వస్తుంది. అక్కడ పాయింట్ రెండు అంటే మనకి నవ్వొస్తుంది. కానీ రోజుకి 400 కిలోమీటర్లు తిరిగే బస్సు అయిదు ఇస్తే 80 లీటర్లు తాగుతుంది, 5.2 ఇస్తే 77. ఒక్క బస్సుకి రోజుకి మూడు లీటర్లు. డిపోలో ఎన్ని బస్సులుంటాయో, ఏడాదికి ఎన్ని రోజులో మీరే వేసుకోండి. మావయ్యకి ఇదంతా పిసినారితనంగా ఎప్పుడూ తోచలేదు. పనితనం అనుకునేవాడు. స్టాపు రెండు ఫర్లాంగులుందనగా కాలు తీసేసి, బస్సు తనంతట తానే నెమ్మదించి మనుషుల ముందు ఆగేలా చేయడం అతని గొప్ప. నిలబడ్డ ముసలమ్మ ఊగకూడదట. మైలేజీకీ ముసలమ్మకీ కావలసింది ఒకటే డ్రైవింగ్ అని నాకు ఇప్పుడు అర్థమవుతోంది.

కాలు తియ్యడం దగ్గర ఒక పాత అలవాటుని గట్టిగా తిట్టాలి. న్యూట్రల్. దిగుడు రాగానే గేరు తీసేసి బండిని వదిలేసే పెద్దమనుషులు మన ఇళ్ళల్లో ఇంకా ఉన్నారు. కార్బ్యురేటర్ ఉన్న అంబాసిడర్ల కాలంలో, తొలి మారుతి 800ల కాలంలో అది కాస్తో కూస్తో మిగిల్చేదేమో. అప్పుడైనా ప్రమాదమే. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజన్లలో లెక్క తలకిందులైంది. బండి గేరులో ఉండగా యాక్సిలరేటర్ మీంచి కాలు పూర్తిగా తీస్తే, చక్రాలే ఇంజన్ని తిప్పుతుంటాయి కాబట్టి కంప్యూటర్ పెట్రోలు చిమ్మడం ఆపేస్తుంది. తాగేది సున్నా. అదే న్యూట్రల్‌లో పెడితే ఇంజన్ ఆగిపోకుండా తిరగడానికి దానికి పెట్రోలు పొయ్యాల్సిందే. మీ డాష్‌బోర్డులో అప్పటికప్పటి మైలేజీ చూపించే గీత ఉంటే ఓసారి గమనించండి, గేరులో కాలు తీయగానే అది చివరిదాకా పరిగెడుతుంది.

ఇక ఘాట్ రోడ్డు మీద న్యూట్రల్ అంటే పెట్రోలు సంగతి పక్కనపెట్టి ప్రాణాల సంగతి. తిరుమల కొండ దిగేటప్పుడు కనీసం ఇన్ని నిమిషాలు పట్టాలని నిబంధన పెట్టింది ఊరికే కాదు. ఇంజన్ పట్టు లేకుండా బ్రేకులతోనే దిగితే అవి కాగి కాగి, అసలు అవసరమైన మలుపులో పట్టవు. శ్రీశైలం దారిలో ఒకసారి మా ముందు వెళ్తున్న వ్యాను చక్రాల్లోంచి పొగ రావడం చూశాను. కాలిన వాసన మా కారులోకి కూడా వచ్చింది. డ్రైవర్ దిగి నీళ్ళు పోస్తున్నాడు. లోపల పెళ్ళివారు.

వేగం సంగతి. ఇక్కడ నేను కాస్త మొహమాటపడాలి, ఎందుకంటే నాకు వేగం ఇష్టం. కానీ గాలికి మన ఇష్టాలతో పనిలేదు. గాలి వెనక్కి నెట్టే బలం వేగానికి వర్గం చొప్పున పెరుగుతుంది. 80 నుంచి 120కి వెళ్తే వేగం ఒకటిన్నర రెట్లే, గాలి బలం మాత్రం రెండుంపావు రెట్లు. మన ఔటర్ రింగ్ రోడ్డు మీద 2023లో గరిష్ఠ వేగాన్ని 100 నుంచి 120కి పెంచినప్పుడు మా ఆఫీసులో అందరూ సంతోషించారు. నేనూ. ఇప్పుడు ఆ బోర్డు చూస్తే అది పెట్రోలు బంకువాడు పెట్టించినట్టు ఉంటుంది. అమెరికాలో 1973 చమురు సంక్షోభం తర్వాత, 1974లో నిక్సన్ ప్రభుత్వం దేశమంతటా గంటకు 55 మైళ్ళు, అంటే 88 కిలోమీటర్లు మించకూడదని చట్టం తెచ్చింది. అది భద్రత కోసం మొదలైంది కాదు, పెట్రోలు కోసం. జనం తిట్టుకుంటూనే భరించారు, 1995లో ఎత్తేశారు. మన దగ్గర చట్టం లేదు కానీ సలహా ఎప్పటినుంచో ఉంది. 1978లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన పెట్రోలియం కన్సర్వేషన్ రీసెర్చ్ అసోసియేషన్ వాళ్ళు 45-55 మధ్య నడపమంటారు. హైవే మీద 50లో వెళ్తే వెనక లారీవాడు హారన్‌తో మన వంశాన్ని తలుచుకుంటాడు. ఆ సలహా నేను పాటించను. ఎవరూ పాటించకూడదేమో కూడా. నాలుగు లైన్ల రోడ్డు మీద అందరికన్నా మరీ నెమ్మదిగా పోవడం ఇంకో రకం ప్రమాదం.

నేను చేసిందేమిటంటే, ఒకే కారు, ఒకే మనుషులు, తెల్లవారి అయిదింటికి ఎల్బీనగర్ నుంచి బయలుదేరడం, అదే బంకులో అదే పంపు దగ్గర ఆటో కట్ అయ్యేదాకా ఫుల్ ట్యాంకు. ఒకసారి ఖాళీ దొరికిన చోటల్లా 110 మీద విజయవాడ దాకా. పక్షం తర్వాత మళ్ళీ, ఈసారి 85 దాటకుండా. కారు కంప్యూటర్ చూపించే అంకె నమ్మలేదు, అది కారు కంపెనీవాళ్ళ బంధువు. 275 కిలోమీటర్లకి మొదటిసారి 18.2 లీటర్లు, రెండోసారి 14. అంటే 15.1, 19.6. నాలుగు లీటర్ల పైన తేడా, దాదాపు 450 రూపాయలు.

మరి టైము? పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్‌గేట్లూ, మధ్యలో ఒక టిఫినూ అన్నీ కలుపుకుని మొదటిసారి నాలుగు గంటల పది నిమిషాలు, రెండోసారి నాలుగూ ముప్ఫై అయిదు. ఇరవై అయిదు నిమిషాలు మిగుల్చుకోవడానికి 450 ఇచ్చాను. గంటకి వెయ్యి రూపాయల పైన పడింది. నా జీతం గంటకి అంత లేదు. ఇంటికి ముందే చేరి ఆ ఇరవై అయిదు నిమిషాలూ సోఫాలో ఫోన్ చూశానని కూడా చెప్పాలి.

ఆస్పత్రికి తీసుకెళ్తున్నవాడికి ఈ లెక్క చెప్పను. ఫ్లైటుకి టైమైపోతున్నవాడికీ చెప్పను. కానీ మనలో చాలామందికి తొందర ఉండదు, తొందరగా పోయే అలవాటు ఉంటుంది.

హైవే సరే, ఊళ్ళో ఏం చేస్తావ్ అని అడుగుతారు. నిజమే, నా రోజువారీ దారి ఉప్పల్, హబ్సిగూడ, తార్నాక, మెట్టుగూడ, సికింద్రాబాద్. ఇక్కడ ముందుబండికి దూరం వదిలితే ఆ ఖాళీలోకి ఆటో వస్తుంది. ఆటో వెనక ఖాళీ వదిలితే బైకు వస్తుంది. నా స్నేహితుడొకడు, "హైదరాబాద్‌లో గ్యాప్ ఇవ్వడమంటే సీటు మీద కర్చీఫు తీసేసినట్టే" అంటాడు. నేను మొదట్లో అలాగే అనుకున్నాను. తర్వాత రెండు వారాలు రానిచ్చి చూశాను. వచ్చినవాడల్లా మన ముందే ఉండడు, పక్క లైన్లోకి పోతాడు. ఉప్పల్ నుంచి సికింద్రాబాద్ దాకా నా ముందు దూరినవాళ్ళ వల్ల నాకు పోయింది ఒకటి రెండు నిమిషాలు. సిగ్నల్ దగ్గర చూస్తే అందరం పక్కపక్కనే. అంకెలు చూపించే సిగ్నళ్ళున్న చోట ఇంకా సుఖం. ఎర్రలైటులో నలభై సెకన్లుందని దూరం నుంచే కనిపిస్తుంటే దాని దగ్గరికి పరిగెత్తడానికి కారణమేమీ లేదు. రెండో గేరులో దొర్లుకుంటూ వెళ్తే చాలాసార్లు పూర్తిగా ఆగే పనే ఉండదు. వెనకవాడు హారన్ కొడతాడు. కొట్టనివ్వాలి. హారన్‌కి పెట్రోలు ఖర్చవదు.

సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆపడం మీద మాత్రం నాకు మిశ్రమాభిప్రాయం. పది సెకన్లకి మించి ఆగితే ఆపేసి మళ్ళీ స్టార్ట్ చేయడమే తక్కువ ఖర్చని అమెరికా ఇంధన శాఖ చెప్తుంది, ఇప్పటి ఇంజన్లకి అది నిజమే. ఏసీ నడుస్తూ నిలబడితే చిన్న పెట్రోలు కారు కూడా గంటకి సుమారు లీటరు తాగుతుంది. రోజుకి మొత్తం అరగంట సిగ్నళ్ళలో నిలబడేవాడికి నెలకి పదమూడు వందలు అటూ ఇటూ. కానీ మే నెలలో తార్నాక దగ్గర మిట్టమధ్యాహ్నం ఇంజన్ ఆపమని నేను ఎవరికీ చెప్పలేను. నేనొకసారి ఆపాను, వెనక సీట్లో మా అమ్మ ఉంది. ఏసీ కూడా ఆగింది. నిమిషంన్నర తర్వాత అమ్మ అంది: "పెట్రోలు డబ్బులు నేనిస్తాలే, ముందు అది వెయ్యి." అప్పట్నుంచి చలికాలంలో, సాయంత్రాల్లో, అరవై సెకన్ల పైన ఉన్న సిగ్నళ్ళలోనే ఆపుతున్నాను.

మెల్లగా కదిలించడం గురించి కూడా ఒక అపోహ ఉంది. పొదుపంటే ఒకటో గేరులో ముక్కుతూ, రెండో గేరులో మూలుగుతూ పోవడం అనుకుంటారు. ఇంజన్‌కి అది నచ్చదు. చిన్న గేర్లలో ఎక్కువసేపు తిప్పడం కన్నా, కాస్త చురుగ్గా కదిలి రెండు వేల ఆర్పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర గేరు మార్చుకుంటూ త్వరగా పై గేరుకి పోవడం మేలు. అలాగని 30లో అయిదో గేరు వేసి బండి దడదడలాడుతుంటే "మైలేజీ" అని మురిసిపోవడమూ తప్పే. ఇంజన్ గొంతు వింటే తెలిసిపోతుంది, దానికి యాప్ అక్కర్లేదు.

చిన్నాచితకవి. టైర్లలో గాలి గురించి అందరూ చెప్తారు, దానికి పేరు ఎక్కువ ఫలం తక్కువ. గాలి ఒత్తిడి ఒక పీఎస్ఐ తగ్గితే మైలేజీ తగ్గేది 0.2 శాతం దగ్గర. నావి 33 ఉండాల్సింది 26 ఉన్నాయి, అంటే ఒకటిన్నర శాతం. అయినా కొట్టించాలి, టైరు కోసం, బ్రేకు పట్టు కోసం. డ్రైవర్ డోరు తీస్తే పక్కన అంకె అంటించి ఉంటుంది, గాలి కొట్టే కుర్రాడు అందరికీ 35 కొట్టేస్తాడు. డిక్కీలో బరువు కూడా అంతే, యాభై కిలోలకి ఒక శాతం. ఊరి నుంచి తెచ్చే బియ్యం బస్తాని నిందించకండి.

నిందించాల్సింది ఇంకొకటుంది. ఎనిమిదొందల మీటర్ల దూరంలో కూరగాయల మార్కెట్‌కి కారు తీయడం. చల్లగా ఉన్న ఇంజన్ మొదటి రెండు మూడు కిలోమీటర్లు మామూలు కన్నా చాలా ఎక్కువ తాగుతుంది, వేడెక్కేలోపే మనం దిగిపోతాం. నా 14.8లో ఆ కొత్తిమీర కట్టల వాటా ఎంతో విడదీసి చెప్పలేను కానీ గట్టిగానే ఉంటుంది. ఈ మధ్య నడిచి వెళ్తున్నాను. వర్షం వస్తే కారే.

కంపెనీ కాగితంలో 20.9 ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పి వదిలేస్తాను. ఆ పరీక్ష రోడ్డు మీద జరగదు, రోలర్ల మీద జరుగుతుంది. ఇరవై నిమిషాల లోపు, ఏసీ లేకుండా, గరిష్ఠ వేగం 90, ముందే రాసిపెట్టుకున్న గీత ప్రకారం వేగం పెంచుతూ తగ్గిస్తూ. మోసం కాదు, అన్ని కార్లనీ పోల్చడానికి ఒక కొలబద్ద. చాలా ఏళ్ళు నేను దాన్ని కంపెనీ ఇచ్చిన మాట అనుకున్నాను. ఏసీ వేసుకుని, ఇథనాల్ కలిసిన పెట్రోలుతో, 85లో నాకు 19.6 వచ్చాక ఆ మాట మీద కోపం పోయింది.

ఇప్పుడు నాకు ఊళ్ళో 16.5 దాకా, హైవే మీద 19 పైన వస్తోంది. ఎవరైనా "ఎంతిస్తోంది?" అంటే నిజమే చెప్తున్నాను, నమ్మడం లేదు. మూడు తగ్గించుకుంటారేమో.

మొన్న సంక్రాంతికి మళ్ళీ నందిగామ. ఊరంతా ఆంధ్రాకి కదిలినట్టు రోడ్డు. పంతంగి దగ్గర ముప్పావు గంట, కొర్లపహాడ్ దగ్గర ఇంకో పావుగంట, బ్రేకు మీంచి కాలు తీసింది లేదు. నందిగామలో ట్యాంకు నింపి లెక్క కడితే 13.2. మావయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నేను చెప్పులు విప్పకముందే అడిగాడు.

"పదమూడు మావయ్యా. టోల్ దగ్గర జామ్."

"ఇంజన్ ఆపావా?"

"అమ్మ ఉంది కదా లోపల."

వెనకాలే దిగుతున్న చెల్లెల్ని ఒకసారి చూశాడు. "అయితే బానే ఇచ్చింది" అని లేచి, సంచీ అందుకోవడానికి కారు దగ్గరికి వెళ్ళాడు.